మూడు ట్యాగుల లోతు

ఆయన గురించి ఇంతకు ముందే రాయాల్సింది. రాయకపోవడానికి మొదటి కారణం, నాకు రాయడం రాకపోవడం. యాభై దాటాక, మా ఊరి బడిలో పిల్లలు ఇళ్ళకు పోయిన తర్వాత, వాళ్ళ బల్లల్లో మోకాళ్ళు ఇరికించుకుని కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. రెండేళ్ళు పట్టింది. రెండో కారణం, ఆయన పేరూ మా మామ పేరూ ఒకటే. మా ఇళ్ళలో కోడలు మామ పేరు పలకదు. సంతలో అదే పేరున్న మనిషి కనబడినా ‘ఇదో, నిన్నేనప్పా’ అని పిలవాల్సిందే. పలకకూడదన్నారు గాని రాయకూడదని ఎవరూ అనలేదు. మా ఆడవాళ్ళు రాస్తారని ఎవరూ అనుకోలేదు మరి. అయినా ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ముందుకు పోవడం లేదు. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆయన్ను పేరుతో పిలిచినవాళ్ళు కూడా లేరు. అందరికీ ఆయన ట్యాగులప్ప.

ట్యాగులంటే కరెంటు వైర్లను కట్టగా బిగించే ప్లాస్టిక్ పట్టీలు. ఒక కొసను తలలో దూర్చి లాగితే కర్ర్‌మని బిగుసుకుంటుంది, వెనక్కి రాదు. ఆయన పని బోర్లలోకి మోటార్లు దించడం, చెడిపోతే పైకి లాగడం. దించేటప్పుడు మోటారు వైరును నల్ల పైపుకు అక్కడక్కడా కట్టాలి. మిగతా మేస్త్రీలు పాత సైకిల్ ట్యూబు చీల్చి కట్టేవాళ్ళు. ఈయన ట్యాగు తప్ప ఇంకొకటి ముట్టేవాడు కాదు. అంతటితో ఆగి ఉంటే ఆయనకు ఆ పేరు వచ్చేది కాదు.

నల్లమాడ వైపు నుంచి మోపెడ్ మీద వచ్చేవాడు. ఆ మోపెడ్‌కు అద్దం, ముందు బుట్ట, నంబరు పలక, సీటు సగం, అన్నీ ట్యాగుల మీదే నిలబడి ఉండేవి. కొందరు చెవి మీద బీడీ పెట్టుకుంటారు, ఆయన ట్యాగు పెట్టుకునేవాడు. కట్టేశాక తోకను పళ్ళతో పట్టి ఇంకో రెండు కర్ర్‌లు లాగి, మొలతాడుకు వేలాడే గోళ్ళకత్తెరతో తెంపేవాడు. తెగిన తోకలు చొక్కా జేబులోకి పోయేవి. డ్రిప్పు పైపుల్లో మట్టి కూరుకున్న బెజ్జాలను వాటితో పొడిచేవాడు. అన్నం తిన్నాక పళ్ళు కుట్టుకునేదీ వాటితోనే.

బాగున్నారా అని ఆయన ఎవరినీ అడగగా నేను వినలేదు. గడపలోకి వస్తూనే, “ఏమ్మా, ఏమన్నా ఊగులాడతాండాదా?” అనేవాడు. మా ఇంట్లో ఏదో ఒకటి ఊగులాడుతూనే ఉండేది. బక్కెట చెవి, మా ఆయన కళ్ళజోడు కాడ, గొర్రెల దొడ్డి తడిక, నా చెప్పు బొటనవేలి ఉంగటం. ఒకసారి ప్లాస్టిక్ కుర్చీ వీపు నిలువునా పగిలింది. మేకు కాల్చి పగులుకు రెండు పక్కలా బెజ్జాలు వేసి, చీర అంచు కుట్టినట్టు ట్యాగులతో కుట్టాడు. మోటారు గది కప్పు అంచున పావురాలు వాలి రెట్టలతో నింపుతుంటే, తోకలు తెంపకుండా నిక్కబొడిచేలా వరసగా ట్యాగులు కట్టాడు. పావురాలు వచ్చి చూసి పక్క తోటాయన షెడ్డుకు పోయాయి. తాళంచెవులు ఒకేలా ఉండి నేను తికమక పడుతుంటే ఇంటిదానికి ఒక ట్యాగు, మోటారు గదిదానికి రెండు, దొడ్డిదానికి మూడు వేశాడు. చీకట్లో కూడా వేలితో తడిమి తీసేదాన్ని.

ఆయన ఓడిపోయింది ఒక్క కుక్కరు దగ్గరే. పిడి ఊడిందంటే ట్యాగు బిగించి పోయాడు. మూడో విజిలుకు ట్యాగు కరిగింది, పిడి ఊడింది, పప్పంతా పొయ్యి పాలైంది. మళ్ళీ వచ్చినప్పుడు కుక్కరు ఎదురుగా పెట్టాను. దాన్నే చూస్తూ, “మంట కాడ దీని ఆట సాగదు,” అన్నాడు. ఆ మాట కూడా కుక్కరుతోనే అన్నాడు, నాతో కాదు.

మా ఊళ్ళో ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి పూలజడ పీటల మీదే జారిపోయింది. ఆడవాళ్ళు పిన్నుల కోసం వెతుకుతుంటే ఈయన భోజనం పంక్తి నుంచి ఎంగిలి చెయ్యి పైకెత్తుకుని వచ్చి, ఎడమచేత్తో చెవి మీది నల్ల ట్యాగు తీసి ఆ పిల్ల మేనత్త చేతిలో పెట్టాడు. “ప్లాస్టిక్ పనికిరాదప్పా, శుభకార్యం,” అన్నాడు అయ్యవారు. “మీ మైకు దేంతో కట్టినారు స్వామీ?” అన్నాడు ఈయన. అయ్యవారు మైకు వైపు చూసి మంత్రంలో పడ్డాడు. జడ కదల్లేదు. మరునాడు దాన్ని విప్పడానికి ఇద్దరు కూర్చుని గంటసేపు తంటాలు పడ్డారట.

విప్పడం ఆయనకు తెలుసు. ఎవరికీ చూపించేవాడు కాదు, నాకు చూపించాడు. ట్యాగు తలలోపల వడ్లగింజలో సగం కూడా లేని ముక్క ఒకటి ఉంటుంది. పిన్నీసుతో దాన్ని పైకెత్తితే పట్టీ జారి వచ్చేస్తుంది. “అద్దో, అది దీని నాలుక. అది మూసుకోనుంటేనే పట్టు. లేసిందా, అంతా వదిలేస్తాది,” అన్నాడు. ఆ మాట ఎందుకు చెప్పాడో తెలియాలంటే బోరు సంగతి చెప్పాలి.

మా చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, బోరు మామ వేయించింది. అప్పుడు మా ఆయన బెంగళూరులో కట్టడం పనుల్లో ఉన్నాడు. బోరు లారీ మనిషి, ఎన్ని అడుగుల్లో నీళ్ళు పడ్డాయో, ఎంత లోతు తవ్వారో మోటారు గది గోడ మీద బొగ్గుతో రాసిపోయాడు. మామ ఆ గోడ పక్క ఎవరినీ పోనిచ్చేవాడు కాదు. నా కంటికి అవి పిల్లల పిచ్చిగీతలు. మామ పోయాక, దినాలకు చుట్టాలు వస్తారని ఇల్లంతా సున్నం కొట్టి, మిగిలిన సున్నం పారేయడం ఎందుకని మోటారు గదికి కూడా కొట్టేశాను. తెల్లగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

ఆ ఏడే మోటారు కాలింది. మా ఆయన పనులు మానుకుని ఊరికి వచ్చేసి ఉన్నాడు. ట్యాగులప్ప వచ్చి, పాత మోటారు లాగి, “బోరు లోతెంతన్నా? నీళ్ళు యాడ పడినాయి?” అని అడిగాడు. మా ఆయన, “మా నాయన గోడ మీద రాయించినాడు, రా,” అని తీసుకుపోయాడు. గోడ పాలలా ఉంది.

“ఎవరే దీనికి సున్నం కొట్టింది?”

“నేనే.”

“ఒక కుంచెతో బోరంతా పూడ్చినావు గదే!” అని మా ఆయన అరిచి, పైపు పట్టడానికి మనుషులను పిలుచుకు రావడానికి ఊళ్ళోకి పోయాడు.

నేను కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. ట్యాగులప్ప ఆ గోడను గోటితో గీకి చూశాడు. “చెంబుడు నీళ్ళు తే మ్మా,” అన్నాడు. తాగడానికేమో అనుకున్నాను. చెంబు తీసుకుని, నీళ్ళన్నీ గోడకేసి ఒక్క విసురు విసిరాడు.

సున్నం తడిస్తే పలచబడి కనిపిస్తుందని నాకు అప్పుడే తెలిసింది. తెలుపు లోపలినుంచి నల్లగా గీతలు తేలాయి. మామే వచ్చి నిలబడినట్టయి నేను తల మీదికి కొంగు లాక్కున్నాను. ఆయన గోడ దగ్గరికి పోయి వేలితో చదివాడు. “నాలుగు వందల పదిలో నీళ్ళు. మళ్ళా... ఐదు వందల తొంభైలో నీళ్ళు! బోరు అడుగు ఆరు వందల నలభై.” పాత మోటారు నాలుగు వందల ఇరవైలో ఉండింది. కింది నీళ్ళను మామ ముట్టనే లేదు.

“మా ఇంటాయనకు చెప్దాం అన్నా, సంతోషపడతాడు,” అన్నాను.

“సంతోషపడి ఏం చేస్తాడు?”

నేను ఖాళీ చెంబు అందుకున్నాను.

“నేను చెప్తా విను. ఆ పక్క చేన్లో కూడా చీనీ నాటుతాడు. రెండేండ్లకు కింది నీళ్ళు గూడా తోడేస్తాడు. మొగోళ్ళను నేను దినామూ చూస్తాండాను మ్మా. నీళ్ళుండాయంటే నిద్రపోరు. అవి కరువు నీళ్ళు. గమ్మునుండు.”

“ఎప్పుడు చెప్పల్ల మరి?”

“మద్దేనం ఆకు ముడుచుకుంటే అది ఎండకు. దానికి భయపడద్దు. పొద్దున లేసి చూసినా ఆకు ముడుచుకోనే ఉంటే, ఆ పొద్దు చెప్పు.”

మా ఆయన మనుషులతో వచ్చేసరికి గోడ ఆరి మళ్ళీ పాలలా అయింది. ట్యాగులప్ప మొహం ఎటూ కదల్లేదు. “పాత మోటారు కాడనే నీళ్ళుండాయన్నా. పాత లోతుకే దించుదాం,” అన్నాడు. అబద్ధం ఒక్కటీ ఆడలేదు.

వారం తర్వాత మా ఆయన గొర్రెల వెంట పోయిన వేళ మళ్ళీ వచ్చాడు. ఒక పెద్ద నైలాను తాడు చుట్ట తెచ్చాడు. మా వాకిట్లో చేతులు బార చాపి కొలుస్తూ, ఆరడుగుల బారకొక ట్యాగు కట్టాడు. తొమ్మిదింటికి తోక తెంపి, పదో దానికి తోక వదిలేశాడు. పైనీళ్ళ లోతు దగ్గర రెండు ట్యాగులు పక్కపక్కన, కింది నీళ్ళ లోతు దగ్గర మూడు. అడుగు దగ్గర ఒక ముడి. సాయంత్రం దాకా ఆ వాకిట్లో కర్ర్ కర్ర్ చప్పుడే.

“కండ్లు మూసుకో. ఇప్పుడు చదువు,” అని తాడు నా చేతుల్లో పెట్టాడు.

“నాకు చదువు రాదు గదన్నా.”

“చదివేది కండ్లతోనే అని ఎవరు చెప్పినారు? తడుము.”

తడిమాను. తోక తగిలినప్పుడల్లా పది. రెండు చోట్ల తప్పాను, మళ్ళీ మొదటినుంచి. మూడోసారి మూడు ట్యాగులు వేళ్ళ కిందికి వచ్చేసరికి లెక్క సరిగ్గా వచ్చింది. “ఇది నీ గోడ. దీనికి ఎవరూ సున్నం కొట్టలేరు,” అన్నాడు. అప్పుడే పిన్నీసు అడిగి ఆ నాలుక చూపించాడు. “నీది గూడా అట్లనే ఉండల్ల,” అని చెప్పి మోపెడ్ ఎక్కాడు.

తొమ్మిదేళ్ళు అలాగే ఉంది. మధ్యలో ఒక ఎండాకాలం నీళ్ళు సన్నబడి, మా ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చెప్పేద్దామా అని మాట నాలుక కొసదాకా వచ్చింది. ట్యాగులప్ప కోసం కబురు పెడితే వచ్చి, పొద్దున్నే తోటలో నాలుగు వరసలు తిరిగి, ఒక ఆకు తెంపి నా అరచేతిలో పెట్టాడు. ఆకు విప్పారే ఉంది. “చెట్లు ఇంకా అడగలేదు మ్మా,” అని పోయాడు. ఆరో రోజు వాన పడింది.

పోయిన మాఘంలో బత్తలపల్లె అంగడికి డ్రిప్పు సామాను కోసం పోయాను. అంగడాయన ట్యాగుల పొట్లం ఒకటి పక్కకు నెడుతూ, “ఇవి కట్టలు కట్టలు కొనే మనిషి పోయినాడు కదమ్మా, తెలీదా?” అన్నాడు. నిద్రలోనే పోయాడట. నేను బల్ల మీద సామాను అక్కడే వదిలేసి బస్సెక్కాను. ఇంటికి వచ్చాక గాని ఏమీ తేలేదని తెలియలేదు.

ఈ ఎండాకాలం మా మోటారు నీళ్ళకంటే గాలి ఎక్కువ తోడింది. తర్వాత గాలి ఒక్కటే. మామ నాటిన పన్నెండేళ్ళ చీనీ చెట్లు, రెండెకరాలు, నిమ్మకాయంత కాయలతో ఉన్నాయి. పక్క తోటాయన చెట్లు కొట్టించి కట్టెల లారీకి ఎత్తించాడు. ఆ గొడ్డలి చప్పుడు మా వంటింట్లోకి వినబడేది. మా ఆయన గొర్రెలన్నీ అమ్మి కొత్త బోరు వేయిద్దామని నిర్ణయించాడు. కొత్త బోరులో దుమ్ము లేస్తే తోటా ఉండదు, గొర్రెలూ ఉండవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. బోరు లారీకి చెప్పాడు. మరునాడు వస్తామన్నారు. కొత్త బోరుకు పనికొస్తుందని పాత మోటారు లాగడానికి ఊరి బయటినుంచి ఒక మేస్త్రీని పిలిపించాడు.

ఆ పొద్దున నేను తోటకు పోయాను. ఇంకా ఎండ రాలేదు. ఆకు దోనెలా ముడుచుకునే ఉంది. పక్క చెట్టు చూశాను, పై వరస చూశాను. అన్నీ అంతే.

ట్యాగులప్ప ఉంటే కబురు పెట్టేదాన్ని. ఇప్పుడు తాడు ఉంది, నేను ఉన్నాను. కింది నీళ్ళు కూడా ఈ తొమ్మిదేళ్ళలో ఇంకిపోయి ఉంటే? చెప్పి అందరి ముందూ నవ్వులపాలైతే అది నాతో పోదు, ఆయన మీదికి పోతుంది. అయినా ఇంటికి వచ్చి నిచ్చెన వేసుకుని అటక ఎక్కాను.

తాడు భుజాన వేసుకుని బోరు దగ్గరికి పోయేసరికి మోటారు పైకి వచ్చేసింది. నల్ల పైపు చేను పొడుగునా పడి ఉంది. మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ, “అయిపోయిందన్నా. ఈ పక్క బోర్లన్నీ ఇంతే లోతు. ఇంగ దీంట్లో కప్ప గూడా బతకదు,” అంటున్నాడు.

“ఏందే ఆ తాడు?” అన్నాడు మా ఆయన.

“ట్యాగులప్ప ఇచ్చింది. బోరు ఇంకా కిందికి ఉండాది. ఐదు వందల తొంభైలో ఇంకో నీళ్ళు ఉండాయి.”

“ఎవరు చెప్పినారు?”

“మీ నాయన. గోడ మీద రాయించినాడు. ట్యాగులప్ప నీళ్ళు చల్లి చదివినాడు.”

“ఎప్పుడు?”

“తొమ్మిదేండ్లయింది.”

మా ఆయన ఆ పైపు మీదే కూర్చుండిపోయాడు. “తొమ్మిదేండ్లు! నా పక్కన కూర్చోని సంగటి తింటా, తొమ్మిదేండ్లు ఒక్క మాట...”

“చెప్పింటే ఏం చేసిందువు?”

ఆయన పక్కనున్న ఖాళీ చేను వైపు చూశాడు. “ఆ చేన్లో గూడా చీనీ పెట్టిందును,” అన్నాడు.

మేస్త్రీ పగలబడి నవ్వాడు. “నిజం చెప్పినావన్నా! కానీ అక్కా, ఈడ ఐదు వందల తొంభైలో నీళ్ళొస్తే, ఈ పైపు మెడకేసుకోని నేను ఊరంతా తిరుగుతా.”

“ముందు తాడు దించప్పా,” అన్నాను.

కొసకు ఇనుప ముక్క కట్టి వదిలాం. తాడు నా అరచేతుల్లోంచే పోవాలని పట్టుబట్టాను. తోక తగిలినప్పుడల్లా పైకి లెక్క పెట్టాను. పది. ఇరవై. అరవై దాటాక రెండు ట్యాగులు పోయాయి. డెబ్బై దగ్గర మేస్త్రీ, “ఇంగ ఆగుతాది చూడు,” అన్నాడు. ఆగలేదు. ఎనభై. తొంభై. మూడు ట్యాగులు ఒకదాని వెంట ఒకటి నా బొటనవేలి కిందినుంచి జారిపోయాయి. ముడి చేతికి వచ్చినప్పుడు గాని తాడు వదులు కాలేదు. పైకి లాగితే కొసనుంచి దాదాపు ముప్పై బారలు తడి. ఇనుప ముక్క నుంచి చుక్కలు కారుతున్నాయి. మా ఆయన ఆ తడి తాడును రెండు చేతులతో పట్టుకున్నాడు, వదల్లేదు.

“నిలిచిన నీళ్ళు గంటకు అయిపోతాయన్నా, ఊట ఉండల్ల గదా,” అన్నాడు మేస్త్రీ. గొంతు మాత్రం తగ్గింది. మోటారు పలక చూసి, “ఇంత తక్కువ లోతుకు ఇంత పెద్ద మోటారు ఎవరు పెట్టినారు?” అన్నాడు. మోటారు గదిలో మేకుకు తొమ్మిదేళ్ళుగా వేలాడుతున్న మిగులు వైరు చుట్ట తెచ్చి ముందర పెట్టాను. సరిపోయింది. మేస్త్రీ ఆ వైరు చుట్టనూ మోటారునూ మార్చి మార్చి చూసి, “గట్టోడు,” అని మాత్రం అన్నాడు.

మా ఆయన బత్తలపల్లెకు పోయి పైపు, జాయింటు తెచ్చేసరికి మూడు దాటింది. ఐదుకు కరెంటు పోతుంది. దించుతూ ఉంటే వైరుకు ట్యాగులు నేనే కట్టాను. మేస్త్రీ సైకిల్ ట్యూబు ఇవ్వబోతే తీసుకోలేదు. అరగంట ఉందనగా మా ఆయన స్విచ్చి నా వైపు చూపించాడు. వేశాను.

మొదట గాలి. పైపు దగ్గింది. మళ్ళీ గాలి. తర్వాత ఎర్రగా, చిక్కగా, బెల్లం పాకంలా ఒక ముద్ద. ఎరుపు పలచబడింది. ఒక్కసారిగా పైపు నిండా తెల్లటి నీళ్ళు ఎగిరి మేస్త్రీ గుండెకు తగిలాయి. ఐదుకు కరెంటు పోయేదాకా ధార సన్నబడలేదు.

“పైపు మెడకేసుకోనా అక్కా?” అన్నాడు మేస్త్రీ, నిలువునా తడిసి.

“వద్దులేప్పా. ట్యాగులు వాడు, చాలు.”

మా ఆయన కాలువ అంచున కూర్చుని నీళ్ళు దోసిట్లో పట్టి మొహానికి కొట్టుకుంటున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. “ఇంకేమన్నా దాచిపెట్టినావా?” అన్నాడు.

“ఉంటే చెప్తానా?” అన్నాను. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం చూశాను.

మరునాడు కరెంటు వచ్చే వేళకు బోరు లారీ మా దారిలోకి వచ్చింది. నేను దొడ్డి గేటుకు అడ్డంగా నిలబడ్డాను. లోపల గొర్రెలన్నీ ఉన్నాయి. డ్రైవరు తల బయట పెట్టి, “పాయింటు యాడమ్మా?” అన్నాడు.

“పాయింటు లేదు, బోరు లేదు. మాకు నీళ్ళుండాయి. నిన్న సాయంత్రం ఫోను చేస్తే మీరు ఎత్తలేదు.”

“ఇంత దూరం వచ్చినాం గదమ్మా! బండి కాలిపోతాండాది. రేడియేటర్లో చుక్క లేదు.”

ఆగమని చెప్పి మోటారు వేశాను. బండి చల్లబడ్డాక, రెండు బిందెల నీళ్ళు తెచ్చి పొర్లేదాకా పోశాను. ఆ దారిలో లారీ తిరగడానికి చోటు లేదు. నేనే వెనక నడుస్తూ చెయ్యి ఊపి, “రానీ, రానీ, ఇంగా రానీ,” అంటూ రోడ్డు దాకా దాన్ని వెనక్కి పంపించాను.